మిలాన్, ఫ్లోరెన్స్, పారిస్: ఖరీదైన కొట్ల వెంట

విజయవాడ వన్‌టౌన్‌లో మాది చీరల కొట్టు. దాని వెనుక గదిలో మా వదిన జాకెట్లకు మగ్గం వర్క్ చేయిస్తారు. కొన్నేళ్ళుగా మా దగ్గరికి వచ్చే పెళ్ళికూతుళ్ళు ఫోన్లో డియోర్ లాంటి ఐరోపా ఫ్యాషన్ కంపెనీల గౌన్ల ఫొటోలు చూపించి, ఆ పూసల పని తమ జాకెట్ చేతుల మీదికి కావాలని అడగడం ఎక్కువైంది. ఆ పేర్లు పుట్టిన ఊళ్ళలో వ్యాపారం ఎలా సాగుతుందో, అంత డబ్బు పెట్టేవాళ్ళకు కొట్టువాళ్ళు ఏం చూపిస్తారో, ఏం చూపించరో కళ్ళారా చూడాలని చాలాకాలంగా అనుకుంటూ, 2025లో దసరా అమ్మకాలు ముగియగానే ఇద్దరం బయలుదేరాం. ఒక ఊరిని ఇంకో ఊరితో పోల్చడానికి నేను పెట్టుకున్న కొలత ఒక్కటే: వస్తువును తయారుచేసిన చెయ్యి, కొనేవాళ్ళకు ఎంతవరకు కనిపిస్తుంది?

అక్టోబరు 6, సోమవారం. మిలాన్, వియా మోంతెనాపోలియోనె

ఈ వీధిని చూడగానే ఇంత ఇరుకుగా ఉందేమిటని అనిపించింది. ప్రపంచంలో కొట్ల అద్దెలు అన్నిటికంటే ఎక్కువగా ఉన్న వీధి ఇదేనని 2024 నవంబరులో కుష్‌మన్ అండ్ వేక్‌ఫీల్డ్ సంస్థ నివేదిక చెప్పింది. అంతకుముందు ఆ స్థానం న్యూయార్క్‌లోని ఫిఫ్త్ అవెన్యూది. ఆ నివేదిక ప్రకారం ఇక్కడ చదరపు మీటరుకు ఏడాదికి 20,000 యూరోలు పలికింది. యూరో వంద రూపాయలు దాటిన ఈ రోజుల్లో, ఒక మనిషి చేతులు కట్టుకుని నిలబడేంత జాగాకు ఏటా ఇరవై లక్షల రూపాయలన్నమాట. అంత అద్దె కట్టాల్సి వస్తే నేను గోడ కనిపించకుండా సరుకు పేర్చేదాన్ని. ఇక్కడ ఒక్కో గోడకు నాలుగు హ్యాండ్‌బ్యాగులు, వాటి మధ్య మూరల కొద్దీ ఖాళీ. ఆ ఖాళీకి కూడా అద్దె కడుతున్నారు కదా అని వదిన అడిగారు. సరుకు కంటే ముందు ఆ ఖాళీనే అమ్ముతున్నారని నాకు సాయంత్రానికి అర్థమైంది. చుట్టూ జాగా ఉన్న వస్తువుకు తనంతట తనే విలువ వస్తుంది.

వియా మోంతెనాపోలియోనె, వియా దెల్లా స్పీగా, వియా మాంత్సోని, కోర్సో వెనెత్సియా అనే నాలుగు వీధుల మధ్య ఉన్న ఈ పేటను 'క్వాద్రిలాతెరో' అంటారు. నల్ల సూటు వేసుకున్న మనిషి తలుపు తీసి 'బోన్‌జోర్నో' అంటాడు, మనమూ అనాలి, ఆ తరువాతే లోపలికి నడవాలి. మన కొట్లలో పరుపు మీద పది చీరలు విప్పి పరిస్తేగానీ బేరం మొదలుకాదు. ఇక్కడ కొనేవాళ్ళు దేన్నీ తాకరు. కావలసినదాన్ని చూపించి అడిగితే, అమ్మాయి చేతికి తొడుగు వేసుకుని, వస్తువును ఒక తోలు పళ్ళెంలో పెట్టి తెస్తుంది. మేము కొనడానికి వచ్చినవాళ్ళం కాదని ఆమెకు మొదటి నిమిషంలోనే తెలిసిపోయి ఉంటుంది. అయినా అడిగిన ప్రతిదానికీ ఓపికగా జవాబు చెప్పింది. వదిన బ్యాగును తిప్పి, లోపలి కుట్టు చూపించమని అడిగారు. ఇది ఎక్కడ కుట్టారంటే ఇటలీలో అన్నది. ఏ ఊళ్ళో, ఎవరు అంటే నవ్వి ఊరుకుంది.

ఆ నవ్వు వెనుక ఉన్న సంగతి ఇటలీ పత్రికల్లో అంతకుముందు ఏడాదంతా నలిగింది. 2024లో మిలాన్ న్యాయస్థానం మొదట ఆర్మానీకి, తరువాత డియోర్‌కు చెందిన ఉత్పత్తి కంపెనీలను కొంతకాలం తాను నియమించిన అధికారి పర్యవేక్షణలో పెట్టింది. మిలాన్ చుట్టుపక్కల వర్క్‌షాపుల్లో సబ్ కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళను దోపిడీ చేస్తుంటే ఆ కంపెనీలు తగినంత జాగ్రత్త తీసుకోలేదన్నది అభియోగం. 2,600 యూరోలకు అమ్ముడయ్యే డియోర్ బ్యాగు ఒకదానిని కుట్టినందుకు సరఫరాదారుకు ముట్టింది 53 యూరోలని విచారణలో తేలింది. తోలు, ఇతర ముడిసరుకు ఖర్చు అందులో లేదన్నది నిజమే. కంపెనీలు తమ పద్ధతులు దిద్దుకున్నాయని 2025 మొదట్లో ఆ పర్యవేక్షణను ఎత్తేశారు. జాకెట్‌కు కూలి ఎంత, అమ్మకం ధర ఎంత అని రోజూ లెక్క చూసుకునే మాకు ఆ 53 అనే అంకె ఆ వీధిలో నడిచినంతసేపూ మనసులో మెదులుతూనే ఉంది.

అక్టోబరు 7, మంగళవారం. మిలాన్, సంత నుంచి గ్యాలరీ దాకా

మంగళ, శనివారాల్లో వియాలె పాపినియానోలో సంత జరుగుతుంది. నిన్నటి వీధిలో తెరుచుకోని నోళ్ళన్నీ ఇక్కడ తెరుచుకున్నాయా అన్నంత అరుపు. కుప్పపోసిన చొక్కాలు అయిదు యూరోలు, ఉన్ని స్వెటర్లు పదిహేను, ఇరవై. మడత నలగని మంచి సరుకు అడుగున ఉంటుంది కాబట్టి ముసలమ్మలు మోచేతుల దాకా చేతులు పెట్టి కెలుకుతారు. కొందరు లేబుల్ వైపు చూడను కూడా చూడకుండా, బట్టను వేళ్ళ మధ్య నలిపి, అంచు తిరగేసి, కుట్టు దగ్గర లాగి చూసి కొంటున్నారు. మిలాన్ వాళ్ళకు బట్ట తెలుసన్న నమ్మకం నాకు ఇక్కడ కలిగింది. నిన్నటి వీధిలో కనిపించినవాళ్ళలో ఎక్కువమంది నాలాగే బయటి ఊళ్ళవాళ్ళు.

అక్కడి నుంచి దువోమో అనే పెద్ద చర్చి పక్కనే ఉన్న గల్లేరియా విత్తోరియో ఎమనువేలె. 1865లో పునాది వేసి 1877 నాటికి పూర్తిచేసిన ఈ గాజు కప్పు బజారు మిలాన్ నగరపాలికదే. లోపలి కొట్లను నగరపాలిక వేలం వేసి అద్దెకిస్తుంది. ఎంత గొప్ప కంపెనీ అయినా బోర్డు మాత్రం నలుపు మీద బంగారు అక్షరాలతోనే పెట్టుకోవాలి. ఈ నియమం నాకు ఎంతగానో నచ్చింది. మన బీసెంట్ రోడ్డులో ఎవరి బోర్డు వాళ్ళు పక్కవాడి కిటికీ మూసేలా పెంచుకుంటూ పోతుంటే, ఇక్కడ అద్దె ఎంత కట్టినా ఊరి మర్యాదకు లోబడాల్సిందే.

1913లో మారియో ప్రాడా తోలు వస్తువుల కొట్టు తెరిచింది ఈ గ్యాలరీలోనే. ఆ కొట్టు నేటికీ అక్కడే ఉంది. చెక్క బీరువాలూ గచ్చూ పాతకాలపువే. దాని ముందు నిలబడినప్పుడు వదినకు గుర్తొచ్చినవి కొల్హాపురి చెప్పులు. 2025 జూన్‌లో మిలాన్‌లో జరిగిన ప్రాడా మగవాళ్ళ దుస్తుల ప్రదర్శనలో అచ్చం కొల్హాపురిలా ఉన్న చెప్పులు కనిపించాయి, వాటికి 'తోలు చెప్పులు' అన్న పేరు తప్ప ఊరి ప్రస్తావన లేదు. కొల్హాపురికి మన దేశంలో 2019 నుంచి భౌగోళిక గుర్తింపు ఉంది. మహారాష్ట్ర, కర్ణాటక చెప్పుల తయారీదారులు గట్టిగా అడిగాక, ఆ డిజైనుకు ప్రేరణ భారతీయ హస్తకళేనని ప్రాడా ఒప్పుకుంది, తరువాత తన మనుషులను కొల్హాపూర్ పంపింది. "అడిగేదాకా చెప్పకపోవడమేమిటి?" అన్నారు వదిన, కిటికీలో చెప్పుల కోసం వెతుకుతూ. అవి అక్కడ లేవు.

మధ్యాహ్నం లుయీనీ అనే తినుబండారాల కొట్టు దగ్గర నిలబడి తిన్నాం. వరుస పొడవుగా ఉంటుంది గానీ చకచకా కదులుతుంది. పాంత్సెరొత్తో అంటే కజ్జికాయ ఆకారంలో మడిచి నూనెలో వేయించిన మైదా రొట్టె. లోపల టమాటా, మొజరెల్లా చీజ్. నాలుగు యూరోలలోపే. మాంసం ముట్టని వదినకు మిలాన్‌లో దొరికిన మంచి భోజనం అదే. కాఫీ విషయంలో ఒక మర్యాద తెలుసుకోవాలి: కౌంటరు దగ్గర నిలబడి తాగితే ఒకటిన్నర యూరో, అదే కప్పు బల్ల దగ్గర కూర్చుని తాగితే దానికి నాలుగైదు రెట్లు. ఊరివాళ్ళందరూ నిలబడే తాగి, రెండు మాటలు మాట్లాడుకుని వెళ్ళిపోతారు.

సాయంత్రం బ్రేరా చిత్రశాల. జోర్జో ఆర్మానీ సెప్టెంబరు 4న, 91వ ఏట కన్నుమూశారు. తన కంపెనీకి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా ఆయన బతికుండగానే తలపెట్టిన ప్రదర్శన, ఆయన పోయాక సెప్టెంబరు 24న ఇక్కడ మొదలైంది. మాంతెన్యా, రఫాయెల్ చిత్రాలున్న గదుల్లోనే, వాటికి అడ్డం రాకుండా, నూటికి పైగా దుస్తులను నిలబెట్టారు. ఆయన 1957లో చేరిన మొదటి ఉద్యోగం ఇదే ఊళ్ళోని లా రినషెంతె అనే పెద్ద కొట్టులో, కిటికీలు అలంకరించే విభాగంలో. కొట్టు పని నుంచి పైకొచ్చిన మనిషి అని తెలిసినందువల్లనేమో, ఆ దుస్తుల్లో నాకు ఒక అంగడివాడి పొదుపు కనిపించింది. బిగుసుకుపోయిన మగవాళ్ళ కోటులో నుంచి అస్తరు, భుజాల మెత్తలు తీసేసి బట్టను దాని బరువు మీద అది జారేలా వదిలేయడమే ఆయన తెచ్చిన మార్పు. వదిన ఒక బూడిద రంగు కోటు ముందు చాలాసేపు ఆగి, "పనంతా తీసేయడంలోనే ఉంది. మన దగ్గర ఇంకో వరుస పూసలు వేస్తేగానీ డబ్బు ఇవ్వరు" అన్నారు.

అక్టోబరు 9, గురువారం. ఫ్లోరెన్స్, రెండు రంగుల అంకెలు

ఫ్లోరెన్స్‌లో ఇంటి నంబర్లు రెండు రకాలు. నివాసాలకు నీలం లేదా నలుపు, కొట్లకు ఎరుపు, రెంటి వరుసలూ వేరు. అందువల్ల ఎర్ర అయిదుకూ నీలం అయిదుకూ మధ్య చాలా దూరం ఉండవచ్చు. తోలుపని బడి కోసం సాంతా క్రోచె చర్చి చుట్టూ తిరుగుతుంటే, కూరగాయల సంచితో వెళుతున్న ఒక పెద్దావిడ మా కాగితం తీసుకుని, అంకె పక్కన ఉన్న చిన్న 'ఆర్' అక్షరం మీద గోటితో కొట్టి, 'రొస్సో, రొస్సో' అంటూ గోడ మీది ఎర్ర పలకను చూపించింది. అప్పటికి బడి మూసే వేళ కావడంతో మర్నాటికి వాయిదా వేసుకుని తోర్నాబువోని వీధికి వెళ్ళాం.

ఈ వీధిలో ఉన్న స్పీనీ ఫెరోనీ కోటను సాల్వతోరె ఫెర్రగామో 1938లో కొన్నాడు. కింద కొట్టు, మ్యూజియం కూడా అందులోనే. అమెరికాలో సినిమా తారలకు చెప్పులు కుట్టి పేరు తెచ్చుకుని, 1927లో ఇటలీ తిరిగివచ్చి ఫ్లోరెన్స్‌ను ఎంచుకున్నాడాయన. ఇథియోపియా మీద దాడి చేసినందుకు 1930లలో ఇటలీ మీద ఆంక్షలు పడి మంచి ఉక్కు దొరకనప్పుడు, అరికాలి వంపు కింద ఉక్కు బద్ద అక్కర్లేకుండా కార్క్ బెరడు ముక్కలు అతికించి ఎత్తు చెప్పులు చేశాడు. తోలు కరువైతే సెల్లోఫేన్ కాగితం, గడ్డి అల్లి పైభాగం చేశాడు. ఒక్కొక్క తార పాదానికి చెక్కించిన కొయ్య అచ్చులు పేర్లతో సహా ఉన్నాయి. ఆడ్రీ హెప్‌బర్న్ అచ్చు సన్నగా, పొడుగ్గా ఉంది. పాదాల పేర్లు ఉన్నాయి, అచ్చులు చెక్కిన చేతుల పేర్ల కోసం వెతికాను గానీ నాకు కనబడలేదు.

రాత్రి భోజనం రిబొల్లీతా. తెల్ల చిక్కుళ్ళు, నల్ల క్యాబేజీ ఆకులు, నిన్నటి రొట్టె వేసి మళ్ళీ మళ్ళీ మరిగించిన చిక్కటి పులుసు. పైన ఆలివ్ నూనె ధారగా పోస్తారు. కమ్మగా ఉంది. పక్కన ఇచ్చిన రొట్టెలో ఉప్పు లేదు. ఫ్లోరెన్స్ ఉన్న తోస్కానా ప్రాంతపు రొట్టెలో ఉప్పు వేయకపోవడం అక్కడి ఆచారం. వదిన సంచిలోంచి కందిపొడి తీసి చల్లుకుంటే, వడ్డించే కుర్రాడు వాసన చూసి, చిటికెడు అడిగి తీసుకుని లోపల వంటాయనకు చూపించి వచ్చాడు.

అక్టోబరు 10, శుక్రవారం. ఫ్లోరెన్స్, తోలుపని బడి

ఈ మూడు ఊళ్ళలో నేను చూసినవాటిలో నా మనసుకు దగ్గరగా ఉండిపోయింది ఇదే. రెండో ప్రపంచ యుద్ధం తరువాత తండ్రులను పోగొట్టుకున్న పిల్లలకు ఒక పని నేర్పాలని సాంతా క్రోచె మఠం సన్యాసులు, గోరి, కసీనీ అనే తోలుపని కుటుంబాలతో కలిసి 1950లో దీన్ని స్థాపించారు. లోపలికి టికెట్టు లేదు. పొడవాటి వసారా పక్కన బల్లలు వేసుకుని పనిచేస్తుంటారు, మనం దగ్గరగా నిలబడి చూడవచ్చు.

ఒకామె పర్సు అంచు కుడుతోంది. ముందు ఫోర్కులా పళ్ళున్న పరికరాన్ని తోలు మీద పెట్టి సుత్తితో మెల్లగా కొట్టి, సమదూరంలో గాట్లు పడేలా చేసింది. తరువాత తోలును మోకాళ్ళ మధ్య చెక్క పట్టులో బిగించి, ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు ఎక్కించింది. ఆరెతో పొడిచిన ప్రతి రంధ్రంలోకి రెండు సూదులూ ఎదురెదురుగా దూరుతాయి, రెండు చేతులూ ఒకేసారి బయటికి సాగి దారాన్ని బిగిస్తాయి. ఒకచోట దారం తెగినా మిగతా కుట్టు ఊడదు. మిషను కుట్టులో రెండు దారాలు పైనా కిందా లంకె పడతాయి కాబట్టి ఒకటి తెగితే వరుస వదులవుతుంది. పారిస్‌లో ఎర్మెస్ బ్యాగులకు వేసేది కూడా ఈ రెండు సూదుల జీను కుట్టే. వదినకు ఇటాలియన్ రాదు, ఆమెకు తెలుగు రాదు. ఇద్దరూ అరగంటసేపు వేళ్ళతోనే మాట్లాడుకున్నారు. వదిన ఫోన్లో మా కార్‌ఖానాలో మగ్గం మీద బిగించిన జాకెట్ గుడ్డ ఫొటో చూపిస్తే, ఆమె దాన్ని పెద్దది చేసి, కుట్టు వెనుకభాగం ఎలా ఉంటుందని సైగలతో అడిగింది. పనివాళ్ళు పనివాళ్ళను అడిగే ప్రశ్న అది.

నేను 85 యూరోలు పెట్టి ఒక చిన్న పర్సు కొన్నాను. కొన్నవాళ్ళ పేరు మొదటి అక్షరాలను బంగారు రేకుతో అప్పటికప్పుడు అద్ది ఇస్తారు. నా అక్షరాలకు బదులు కుట్టినవాళ్ళ అక్షరాలు అద్దమని అడిగితే, ఎవరూ అలా అడగలేదంటూ సిగ్గుపడి, చివరికి లోపలి అరలో రెండు అక్షరాలు అద్దారు.

సాన్ లొరెన్సో సంతలో తోలు కోట్లు అమ్మేవాళ్ళలో బంగ్లాదేశ్ వాళ్ళు చాలామంది. మమ్మల్ని చూసి హిందీలో పిలిచారు. నూట ఇరవై అన్న కోటు మేము కదలగానే అరవైకి దిగింది. వీధి చివర దుప్పటి మీద బ్రాండు పేర్లున్న నకిలీ బ్యాగులు పరిచి, పోలీసులు కనబడగానే నాలుగు కొసలూ పట్టుకుని పరుగెత్తే కుర్రాళ్ళు కూడా ఉంటారు. ఇటలీలో నకిలీ వస్తువు అమ్మినవాళ్ళకే కాదు, కొన్నవాళ్ళకు కూడా 7,000 యూరోల వరకు జరిమానా పడవచ్చు. మనవాళ్ళు సరదాగా కొనేస్తుంటారు కాబట్టి ఇది చెప్పడం అవసరమనుకుంటున్నాను.

అక్టోబరు 12, ఆదివారం. పారిస్, అవెన్యూ మోంతేన్

మిలాన్‌లో వస్తువు చుట్టూ ఖాళీ ఉంటే, పారిస్‌లో వస్తువు చుట్టూ చరిత్ర ఉంటుంది. షాంజ్ ఎలీజే రోడ్డు మీద లూయీ వితాఁ వాళ్ళు ఒక భవనం మొత్తాన్ని బ్రహ్మాండమైన ట్రంకు పెట్టెలా కప్పి ఉంచారు. 1854లో పెట్టెలు చేసేవాడిగా మొదలైన ఆ ఇంట్లో (ఫ్యాషన్ కంపెనీని అక్కడ 'ఇల్లు' అంటారు), నకళ్ళ బెడద పడలేక 1896లో అక్షరాలు, పూలు కలిపిన గుర్తును కనిపెట్టారు. ఈనాడు లోకమంతా నకలు చేస్తున్నది ఆ గుర్తునే.

మోంతేన్ వీధి 30వ నంబరులో క్రిస్టియన్ డియోర్ 1946 డిసెంబరులో కంపెనీ పెట్టాడు. వెనుక నిలబడి డబ్బు పెట్టింది మార్సెల్ బూసాక్ అనే బట్టల మిల్లుల యజమాని. 1947 ఫిబ్రవరి 12న మొదటి ప్రదర్శన. యుద్ధకాలపు కరువులో గజం గుడ్డ కోసం వెతుక్కున్న ఆడవాళ్ళకు మీటర్ల కొద్దీ బట్టతో కుచ్చులు పోసిన లంగాలు చూపించాడు. ఆ భవనాన్ని బాగుచేసి 2022లో తిరిగి తెరిచినప్పుడు పక్కనే మ్యూజియం కూడా పెట్టారు. తెల్లటి నూలు గుడ్డతో కుట్టిన నమూనాలు నేల నుంచి కప్పు దాకా పేర్చిన గదిలోకి అడుగుపెట్టగానే వదిన నిశ్శబ్దమైపోయారు. అసలు పట్టు కత్తిరించే ముందు ఇక్కడ ప్రతి గౌనూ ఒకసారి తెల్ల గుడ్డలో పుడుతుంది.

మేము వెళ్ళిన వేళకు లోపల ఒక బల్ల దగ్గర ఒక కుట్టుపని ఆవిడ పూసల పని చూపిస్తోంది. చేతిలో కొక్కెం సూది. మా కార్‌ఖానాలో వాడే ఆరీ సూదికి అది తోబుట్టువే, ఫ్రాన్స్‌లో లూనెవిల్ ఊరి పేరుతో పిలుస్తారు. తేడా ఒక్కటే, కానీ చాలా పెద్ద తేడా: మనవాళ్ళు గుడ్డను మంచి వైపు పైకి బిగించి, పూసను సూదికి ఎక్కించి పైనుంచే కుడతారు. అక్కడ గుడ్డను తిరగేసి బిగిస్తారు, దారానికి ముందే గుచ్చిన పూసలు కింద ఉంటాయి, పనిచేసేవాళ్ళకు కనబడేది వెనుకవైపే. వేళ్ళ కొసలతో కింద పూసను నెట్టుకుంటూ, చూడకుండా, వరుస తప్పకుండా కుట్టాలి. అందువల్ల పని వేగంగా సాగుతుందని ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది. వదిన అడిగి, ఆ సూదిని చేతిలోకి తీసుకుని, నాలుగు కుట్లు వేశారు. నాలుగూ నిలిచాయి.

పారిస్ ఇళ్ళకు కావలసిన ఎంబ్రాయిడరీలో కొంత మన దేశంలోనే తయారవుతుంది. పారిస్‌లో ఎంబ్రాయిడరీకి పేరుపొందిన లెసాజ్ కుటుంబానికి చెందిన జాఁ ఫ్రాఁస్వా లెసాజ్ చెన్నైలో వస్త్రకళ అనే సంస్థను నడుపుతున్నారు. డియోర్ 2023 మార్చి 30న ముంబయి గేట్‌వే ఆఫ్ ఇండియా ముందు ప్రదర్శన పెట్టి, చాణక్య అనే అక్కడి ఎంబ్రాయిడరీ సంస్థను పేరు పెట్టి మెచ్చుకుంది. అంత బహిరంగంగా చెప్పడం మంచి మార్పు. కానీ కొట్టులో గౌను లోపలి పట్టీ మీద ఉండేది చివరి దశ తయారీ జరిగిన దేశం పేరు మాత్రమే. వందల గంటలు మగ్గం మీద వంగిన నడుముకు ఆ పట్టీ మీద చోటు లేదు.

అక్టోబరు 13, సోమవారం. పారిస్, లూవ్ర్ నుంచి ప్లాస్ వాందోమ్

లూవ్ర్‌కు 22 యూరోలు పెట్టి వెళ్ళింది ముఖ్యంగా రీజెంట్ వజ్రం కోసం. 140 క్యారెట్లు దాటిన ఈ గోల్కొండ వజ్రం కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికింది. ఆ ఊరు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. మద్రాసు గవర్నరు థామస్ పిట్ దాన్ని కొని, ఇంగ్లండులో సాన పట్టించి, 1717లో ఫ్రాన్స్ రీజెంట్‌కు, అంటే బాలరాజు తరఫున పాలిస్తున్న మనిషికి, అమ్మాడు. కొన్నవాళ్ళు, అమ్మినవాళ్ళు, కిరీటంలో పెట్టుకున్నవాళ్ళు అందరూ చరిత్రలో ఉన్నారు. తవ్వినవాడు కాలి గాయంలో దాచుకుని పారిపోతుంటే చంపి లాక్కున్నారనే కథ ఒకటి ప్రచారంలో ఉంది. అది నిజమో కాదో గానీ ఆ కథలో కూడా వాడికి పేరు లేదు. మేము ఇల్లు చేరాక, అక్టోబరు 19న పట్టపగలు దొంగలు ఆ వజ్రం ఉన్న అపోలో గ్యాలరీ కిటికీ పగలగొట్టి ఎనిమిది రాచనగలు ఎత్తుకుపోయారు. రీజెంట్ జోలికి పోలేదని విని ఇంట్లో మనిషికి ప్రమాదం తప్పినంత ఊరట కలిగింది.

అక్కడి నుంచి నడిచి వెళితే ప్లాస్ వాందోమ్. ఈ చౌకులో మొదట కొట్టు తెరిచిన పెద్ద నగల వర్తకుడు బూషరాఁ, 1893లో. 1928లో పటియాలా మహారాజు భూపీందర్ సింగ్ పెట్టెల నిండా రాళ్ళు తెచ్చి ఇక్కడ 149 నగలు చేయించుకున్నాడు. మన నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ 1947లో ఎలిజబెత్ పెళ్ళికి కానుకగా ఇచ్చిన వజ్రాల హారం కూడా కార్టియే అనే పారిస్ నగల ఇంటిదే. పటియాలా రాళ్ళు మనవి, కొనుగోలుదారులు మనవాళ్ళు, పేరు మాత్రం పారిస్‌ది.

ఫోబూర్ సాఁతొనోరె వీధి 24వ నంబరులో ఎర్మెస్. 1837లో గుర్రపు జీనుల పనిగా మొదలై 1880లో ఇక్కడికి మారింది. బ్యాగు చూడాలంటే ముందురోజు ఆన్‌లైన్‌లో పేరు, పాస్‌పోర్టు వివరాలు ఇచ్చి పిలుపు కోసం ఎదురుచూడాలి. 2025 జూలైలో, నటి జేన్ బర్కిన్ కోసం మొట్టమొదట చేసిన బ్యాగు పారిస్ వేలంలో 86 లక్షల యూరోలు పలికిందంటే ఆ పిలుపు కోసం జనం ఎందుకు పడిగాపులు కాస్తారో అర్థమవుతుంది. మేము పట్టు రుమాళ్ళ వైపు వెళ్ళాం. లోపలికి రాగానే 'బోఁజూర్' అని పలకరించడం పారిస్‌లో తప్పనిసరి. అది అనకుండా నేరుగా ధర అడిగితే ముఖం ముడుచుకుంటారు. వదిన నమస్కారం పెట్టి మరీ అనడంతో అమ్మాయి మూడు రుమాళ్ళు పరిచింది. 90 సెంటీమీటర్ల చదరం, ధర అయిదు వందల యూరోల దరిదాపు. వదిన బొమ్మ చూడలేదు, అంచు పట్టుకున్నారు. మన దగ్గర చీర కొంగుకు పీకో మిషను మీద రెండు నిమిషాల్లో అయిపోయే పని, ఇక్కడ పట్టును వేళ్ళతో పైకి చుట్టి, చుట్ట ఉబ్బు నలగకుండా చేత్తో కుడతారు. "మూలలు చూడమ్మాయ్, నాలుగూ ఒక్కలా లేవు. మనిషే కుట్టాడు" అన్నారు. నేను ఆ మాటను ఇంగ్లీషులో చెప్పగానే అమ్మాయి సంతోషించి, మూలల కుట్టు గురించి అడిగినవాళ్ళు చాలా తక్కువన్నది.

అక్టోబరు 14, మంగళవారం. పారిస్, బోఁ మార్షె

సేన్ నది ఎడమ ఒడ్డున ఉన్న ఈ కొట్టుకు మా వ్యాపారమంతా బాకీ ఉంది. 1852లో ఇందులో భాగస్వామిగా చేరిన అరిస్తీద్ బూసికో ప్రతి వస్తువుకూ ధర చీటీ తగిలించి, కొనకపోయినా లోపల తిరగనిచ్చి, నచ్చకపోతే వెనక్కి తీసుకునే పద్ధతిని పెంచి పెద్దచేశాడు. మా నాన్నగారు 'ఒకే ధర' బోర్డు పెట్టిన ఏడాది సగంమంది ఖాతాదారులు అలిగి వెళ్ళిపోయారు. మూడు ఊళ్ళలోనూ నాకు సరళంగా, గర్వం లేకుండా అనిపించిన పెద్ద కొట్టు ఇదే. దీని కిరాణా విభాగంలో ఆవాల డబ్బా కొన్న చేత్తోనే పక్క భవనంలో గౌను చూసుకోవచ్చు.

మధ్యాహ్నం గార్ ద్యు నోర్ రైల్వే స్టేషను దాటి లా షాపెల్ వైపు వెళ్ళాం. శ్రీలంక తమిళుల పేట అది. ఎనిమిది యూరోలకు మసాలా దోసె, సాంబారు ఎంత కావాలంటే అంత. వడ్డించిన పెద్దాయన వదిన ముక్కుపుడక చూసి ఏ ఊరని తమిళంలో అడిగి, విజయవాడ అనగానే రైలు జంక్షన్ కదా అన్నాడు.

అక్టోబరు 15, బుధవారం. పారిస్, మార్షె సాఁ ప్యేర్

సాక్రె కేర్ చర్చి ఉన్న కొండ కింద గుడ్డల బజారు ఉంటుందని, పెద్ద ఇళ్ళలో మిగిలిన తానులను మూడేసి మీటర్ల ముక్కలుగా అమ్ముతారని నిన్నటి దోసె కొట్టు పెద్దాయనే చెప్పాడు. తానులు, గజాలు, కత్తెర శబ్దం, గుమ్మంలో పేర్చిన బేళ్ళు. వారం రోజులుగా తోలు పళ్ళేల ముందు చేతులు కట్టుకున్న నేను ఇక్కడ చేతులు చాచి పట్టుకున్నాను. వదిన ఒక దంతపు రంగు పట్టుముక్కను వెలుతురుకు పట్టి, తడి వేలితో అంచు రాసి, మెడలో టేపు వేసుకున్న కొట్టాయన వైపు చూశారు. ఏ ఇంటి సరుకని అడిగితే, పేరు చెప్పకూడదన్న షరతు మీదే తమకు అమ్ముతారని, ఆ గుడ్డతో కుట్టిన గౌన్లు మాత్రం మేము చూసే ఉంటామని అన్నాడు. మూడు మీటర్లూ 45 యూరోలు. రెండు ముక్కలు తీసుకుంటే అయిదు యూరోలు తగ్గించాడు. ఐరోపాలో మేము చేసిన సిసలైన బేరం అదొక్కటే.

విమానాశ్రయంలో పన్ను వాపసు కాగితం గురించి ఒక మాట. ఇటలీలో ఒకే కొట్టులో 70 యూరోలు, ఫ్రాన్స్‌లో 100 యూరోలు దాటితే ఆ హక్కు వస్తుంది. పారిస్‌లోని యంత్రాలు ఫ్రాన్స్ కాగితాలను మాత్రమే చదువుతాయి. ఇటలీలో కొన్నదానికి కస్టమ్స్ బల్ల దగ్గరికి వెళ్ళి, వస్తువు చూపించి ముద్ర వేయించుకోవాలి. నా పర్సు తెరిచి చూసిన అధికారి లోపలి అరలోని అక్షరాలు మీవేనా అని అడిగాడు. కుట్టినావిడవి అని చెప్పాను.

ఇల్లు చేరిన దగ్గరి నుంచి నాకూ వదినకూ ఒక వాదం నడుస్తోంది. ఇక మీదట ప్రతి జాకెట్ లోపలి పట్టీ మీద కొట్టు పేరుతో పాటు మగ్గం మీద కూర్చున్న పనివాడి పేరు కూడా కుట్టించాలని ఆమె పట్టు. పని నచ్చిన ఖాతాదారులు నేరుగా పనివాడి ఇంటికే వెళ్ళిపోతారన్నది నా భయం. ఈ వన్‌టౌన్‌లో అలా చేతులు మారిన పనివాళ్ళను నేను చూస్తూనే ఉన్నాను. వెళితే వెళ్ళనీ, కూలి పెంచి నిలుపుకుందాం అంటారు వదిన. పనివాళ్ళను అడిగితే ఇద్దరు సరేనన్నారు, ఒకాయన తన పేరుకు బదులు కూతురి పేరు వేయమన్నాడు. పెళ్ళిళ్ళ సీజన్ ఆర్డర్లు మొదలయ్యేలోపు పట్టీలు నేయించాలి కాబట్టి, వచ్చే వారంలోగా ఈ లెక్క తేల్చాలి.